చీనీ తోట స్టార్టర్ పెట్టె: వేసవి డైరీ

మార్చి చివరి వారం

అనంతపురం జిల్లా నార్పల దగ్గర చిన్నాన్న చీనీ (బత్తాయి) తోటలో బోరు మోటారుకు ఫోనుతో నడిపే స్టార్టర్ పెట్టె ఒకటి ఉంది. బజారులో కొన్నదే. వేసవిలో మధ్యాహ్నం రెండు దాటితే అది మూగబోతుంది. ఫోను చేస్తే పలకదు, మోటారు ఆగిపోతుంది. ఎండ వాలాక ఎవరూ చేయి పెట్టకుండానే మళ్ళీ లేస్తుంది. అమ్మిన దుకాణంవారు సిగ్నల్ సమస్య అని చెప్పి పంపేశారు. చలికాలంలో ఇదే సిమ్ము, ఇదే టవరు ఏ పేచీ పెట్టలేదు కాబట్టి ఆ మాట నాకు రుచించలేదు.

"ఎండకు మనిషే నిలవలేడు, డబ్బా ఏం నిలుస్తుంది నాయనా" అన్నారు చిన్నాన్న. డబ్బా నిలవాల్సింది మాత్రం సరిగ్గా ఆ ఎండలోనే. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు పగటిపూట 9 గంటలు ఇస్తున్నారు. చల్లబడ్డాక నడుపుకుందామంటే కరెంటు ఉండదు. చెట్టుకు నీరు కావలసిన వేళ, కరెంటు ఉండే వేళ, పెట్టె కాలిపోయే వేళ మూడూ ఒకటే.

పని హద్దులు ముందే గీసుకున్నాను. ఇనుప పెట్టె, మోటారుకు కరెంటు కలిపే, తెంచే కాంటాక్టర్, కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే అలాగే ఉంటాయి. లోపలి కంట్రోల్ బోర్డు కొత్తగా చేయాలి. ఫ్యాను పెట్టకూడదు. ఎర్రమట్టి దుమ్ములో ఫ్యాను బేరింగు ఎంతకాలం తిరుగుతుందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. పైగా ఫ్యానుకు గాలి కావాలంటే పెట్టెకు రంధ్రాలు కావాలి, రంధ్రాలుంటే చీమలు, బల్లులు, కందిరీగల మట్టి గూళ్ళు. కాంటాక్టర్ కాళ్ళ (తీగలు బిగించే చోట్ల) మధ్య బల్లి అడ్డంపడి మాడిపోయిన పెట్టెలు నా బల్ల మీదకు చాలానే వచ్చాయి.

ఏప్రిల్ మొదటి వారం: కొలతలు

బోర్డు విప్పకముందే సెన్సర్లు కట్టాను. డీఎస్18బీ20 సెన్సర్లు ఇందుకు బాగా సరిపోతాయి. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు అర డిగ్రీ తేడాతో చెబుతాయి, అన్నిటికీ కలిపి ఒకే తీగ చాలు. ఒకటి చెట్టు నీడలో, ఒకటి పెట్టె లోపల పైభాగాన, ఒకటి అడుగున, ఒకటి వెనక రేకుకు. నిమిషానికోసారి మెమరీ కార్డులో రాసుకునే చిన్న బోర్డు పక్కనే ఒక కుండ నీడలో పెట్టాను.

టీవీలో చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. చెక్క పలకల గూటిలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా పెట్టిన థర్మామీటరు చూపే అంకె అది. మన పెట్టె ఆ గూటిలో లేదు. పడమర ముఖంగా, కడప బండ స్తంభానికి బిగించి ఉంది.

మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వచ్చిన అంకెలు ఇవి: చెట్టు నీడలో 41, పెట్టె లోపల అడుగున 60, పైన 68. కంట్రోల్ బోర్డు ఉన్నది పైనే. కాంటాక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నాయి. అంటే వేడి పుట్టించేవన్నీ కింద కూర్చుని, వేడికి ఓర్వలేని దాన్ని తమ నెత్తిన పెట్టుకున్నాయి. ఈ అమరిక గీసినవారికి వేడిగాలి పైకి పోతుందని తెలియక కాదు, పైన ఉంటే డిస్‌ప్లే కంటికి ఎదురుగా కనిపిస్తుందని.

కొలతల్లో ఒక తిరకాసు. బోర్డుకు కావలసినంతకు వోల్టేజీ దించే చిప్ రెగ్యులేటరు. దాని వేడిని గాలికి వదిలే లోహపు బిళ్ళ హీట్‌సింక్. తుపాకీ ఆకారపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఆ హీట్‌సింక్‌ను చూస్తే 70 చూపింది. ఆ మీటరు వస్తువు నుంచి వెలువడే పరారుణ కిరణాలను చదువుతుంది. మెరిసే అల్యూమినియం వాటిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, చుట్టుపక్కలవాటినే అద్దంలా చూపిస్తుంది. హీట్‌సింక్ మీద కాగితపు టేపు ముక్క అంటించి, తలుపు మూసి, కాసేపాగి, తలుపు తీసీ తీయగానే చూస్తే 112. ఈ మీటరుతో మెరిసే లోహాన్ని నేరుగా కొలిచి వేడి లేదని తేల్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. టేపు ముక్క ఖర్చు ఏమీ కాదు.

అదే వారం: వాట్ల లెక్క

హీట్‌సింక్ పెద్దది చేద్దామా, రెగ్యులేటరు మారుద్దామా అని మా దుకాణంలో పనిచేసే కుర్రాడు తొందరపడ్డాడు. "అన్నా, ఆ 7805కి పెద్ద అల్యూమినియం బిళ్ళ వేస్తే అయిపోతుంది కదా" అని. 7805 అంటే ఆ రెగ్యులేటరు చిప్ నంబరే. నేను కాగితం తీశాను. వేడి ఎక్కడి నుంచి ఎన్ని వాట్లు వస్తోందో రాయకుండా దేన్నీ ముట్టుకోకూడదన్నది నా పట్టుదల. ఇంట్లో ఖర్చు తగ్గించాలనుకునేవాడు కూడా ముందు పద్దు పుస్తకమే చూస్తాడు.

లోపల పుట్టే వేడి: కాంటాక్టర్ చుట్ట (కాయిల్) దాదాపు 3 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ నష్టం 2. రెగ్యులేటరు 2.75. మిగతా బోర్డు, దాని మీది రిలేలు (చుట్ట లాగితే కలిసే చిన్న స్విచ్చులు), డిస్‌ప్లే కలిపి 1.25. మొత్తం 9 వాట్లు.

ఇక ఎండ. నిర్మలమైన ఆకాశం కింద మధ్యాహ్నపు సూర్యుడు చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు కురిపిస్తాడు. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. కనుక ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దెబ్బ పెట్టె పై రేకుకు. మూడు దాటాక పడమర చూసే ముందు తలుపుకు. తలుపు 30 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పు, పెట్టె లోతు 15. మూడున్నర వేళకు తలుపు మీద చదరపు మీటరుకు 600, పై రేకు మీద 500 చొప్పున వేసుకుంటే రెండింటి మీద పడేది దాదాపు 64 వాట్లు. బూడిద రంగు అందులో 70 శాతం మింగుతుందనుకుంటే 45 వాట్లు.

లోపల 9, బయటి నుంచి 45. కుర్రాడు అంకెలు చూసి కాసేపు మాట్లాడలేదు. పెద్ద హీట్‌సింక్ వేసినా అది తన వేడిని 68 డిగ్రీల గాలిలోకే వదలాలి. ముందు తగ్గాల్సింది ఆ 68.

వెనక రేకు వదిలేస్తే పెట్టె బయటి ఉపరితలం 0.24 చదరపు మీటర్లు. గాలి, వికిరణం కలిపి చదరపు మీటరుకు డిగ్రీకి 10 వాట్లు పోతాయని వేసుకుంటే పెట్టె మొత్తంగా డిగ్రీకి 2.4 వాట్లు వదులుతుంది. 54 వాట్లు వదలాలంటే రేకు బయటి గాలి కన్నా 22 డిగ్రీలు ఎక్కువ కాలాలి. లోపలి గాలి ఇంకో 4. బయటి 41 కి కలిపితే మొత్తం 67. కొలిచినది 68. చేతి లెక్కకు ఇంతకన్నా దగ్గర అడగడం అత్యాశ.

ఏప్రిల్ మూడో వారం: రంగు, గొడుగు రేకు

పెట్టె బయటంతా తెల్ల ఎనామెల్ రెండు పూతలు. తెలుపు ఎండను తక్కువ మింగుతుంది, కానీ తన వేడిని పరారుణంగా వదలడంలో నలుపుకు ఏమాత్రం తీసిపోదు. ఈ రెండో గుణం మెరిసే వెండి రంగుకు ఉండదు. అందుకే చిన్నాన్న ఇంట్లో మిగిలిన అల్యూమినియం పెయింటు వద్దన్నాను. చూపుకు చల్లగా ఉంటుంది, ఎండలో పట్టుకుంటే తెలుస్తుంది. తెల్లరంగు తరవాత అదే వేళకు లోపల పైన 57 వచ్చింది. ఒక్క డబ్బా రంగుతో 11 డిగ్రీలు. ఎలక్ట్రానిక్స్ పని ఇంకా మొదలే కాలేదు.

తరవాత గొడుగు. పైన, పడమర వైపు, దక్షిణం వైపు ఒక పలుచటి జింకు రేకును పెట్టెకు 25 మిల్లీమీటర్ల ఎడంతో, కింద పైన తెరిచి ఉండేలా నిలబెట్టాను. ఎండ ఆ రేకును కాలుస్తుంది, రేకుకూ పెట్టెకూ మధ్య గాలి వేడెక్కి పైకి పోతుంది, కింది నుంచి కొత్తగాలి వస్తుంది. రేకు పెట్టెకు అంటుకుని ఉంటే దండగ, ఎడమే అసలు సరుకు. రేకు లోపలి వైపు రంగు వేయలేదు. మెరుపు అక్కడ పనికొస్తుంది, పెట్టె వైపు తక్కువ వేడి వెదజల్లుతుంది.

వెనక బండ సంగతి ఎవరూ పట్టించుకోరు. నల్లటి కడప బండ పగలంతా ఎండ తాగి సాయంత్రం దాకా 60 దగ్గరే ఉంటోంది. పెట్టె వీపు దానికి అతుక్కుని ఉంది. జీఐ పైపును చిన్న ముక్కలు కోసి బోల్టులకు తొడిగి పెట్టెను రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపాను. వెనక కూడా గాలి ఆడుతోంది.

ఈ మార్పులన్నీ అయ్యాక 51. చిన్నాన్నకు రేకు గొడుగు నచ్చలేదు. "పెట్టెకు పెళ్ళి పందిరి వేసినట్టుంది" అన్నారు. నచ్చకపోయినా ఉంచుతున్నాను.

ఏప్రిల్ చివర: రెగ్యులేటరు ఎందుకు చచ్చి బతుకుతోంది

ఇప్పుడు బోర్డు. పాత బోర్డులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 16 వోల్టులను 7805 ఐదుకు దించుతోంది. మిగిలిన 11 వోల్టులు వేడిగా పోవాల్సిందే, ఆ చిప్ పనితీరే అది. కరెంటు సగటున పావు ఆంపియరు. 11 ని 0.25 తో గుణిస్తే 2.75 వాట్లు.

చిప్ లోపలి సిలికాన్ నుంచి బయటి గాలి వరకు వేడి దాటాల్సిన అడ్డంకులన్నీ కూడాలి. సిలికాన్ నుంచి లోహపు వీపుకు వాటుకు 5 డిగ్రీలు, పేస్టు దగ్గర ఒకటి, ఆ చిన్న హీట్‌సింక్ నుంచి గాలికి 20. మొత్తం 26. దాన్ని 2.75 తో గుణిస్తే 71. లోపలి గాలి 68 కి కలిపితే 139 డిగ్రీలు. చిప్ తయారీదారు ఇచ్చే డేటా షీటు నిలకడగా పనిచేయవచ్చని చెప్పే హద్దు 125. మా వైపు చుట్టుపక్కల మోటార్లు ఆగి వోల్టేజీ ఎక్కినప్పుడు 16 కాస్తా 18 అవుతుంది. అప్పుడు లెక్క 150 దాటుతుంది, చిప్ తనను తాను ఆపేసుకుంటుంది. లో వోల్టేజీ మోటారుకు శత్రువు, ఈ రెగ్యులేటరుకు మాత్రం చుట్టం.

ఆగిన చిప్ చల్లబడగానే లేస్తుంది. లేవగానే సిమ్ము ఉండే జీఎస్‌ఎం మాడ్యూలు (పెట్టె లోపలి ఫోను భాగం) టవరు కోసం వెతకడం మొదలుపెడుతుంది. ఆ వెతుకులాటలోనే కరెంటు ఎక్కువ లాగుతుంది, చిప్ మళ్ళీ కాలుతుంది, మళ్ళీ ఆగుతుంది. మాడ్యూలు నెట్‌వర్కులో చేరేంత వ్యవధి ఎప్పుడూ దొరకదు. సాయంత్రందాకా ఇదే తంతు. దుకాణంవారికి సిగ్నల్ సమస్యలా కనిపించింది ఇదే.

కొత్త బోర్డులో 7805 స్థానంలో ఎల్‌ఎం2596 బక్ కన్వర్టరు. ఇది మిగులు వోల్టేజీని కాల్చదు, సెకనుకు లక్షా యాభై వేలసార్లు స్విచ్ చేసి చుట్ట ద్వారా దించుతుంది. సామర్థ్యం 80 శాతం దరిదాపు. దానికన్నా ముందు లోడు తగ్గించాను. డిస్‌ప్లే వెనక దీపం బటన్ నొక్కినప్పుడే వెలుగుతుంది. రిలే లాక్కోవడానికి నిండు వోల్టేజీ కావాలి, పట్టుకుని ఉండటానికి అంత అక్కర్లేదు. అందుకని లాక్కున్న తరవాత ప్రోగ్రాములో పల్సులిచ్చి చుట్ట కరెంటు తగ్గించాను. పావు ఆంపియరు సగానికి దిగింది. రెగ్యులేటరు నష్టం 2.75 నుంచి పావు వాటుకు వచ్చింది, అంటే హీట్‌సింక్ అక్కర్లేదు. బోర్డు రాగి పొరే చాలు. పుట్టని వేడిని చల్లార్చనక్కర్లేదు కదా.

అయినా రాగి పొరను అశ్రద్ధ చేయలేదు. బోర్డు ఫైబరు గ్లాసు వేడిని మీటరుకు డిగ్రీకి 0.3 వాట్లే పంపుతుంది, రాగి 390 పంపుతుంది. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లే అయినా, చిప్ కింద వెడల్పుగా పరిచి, చిన్న రంధ్రాలతో వెనక పొరకు కలిపితే వేడి పాకే జాగా దొరుకుతుంది. రాగి పరిచిన చోట టంకం వేయడం కష్టమని కుర్రాడు విసుక్కున్నాడు. నిజమే, వేడి టంకం కడ్డీ నుంచి కూడా పారిపోతుంది.

మే మొదటి వారం: కెపాసిటర్లు, యాంటెన్నా

పాత బోర్డులో, కరెంటును కాస్త దాచి అడిగినప్పుడు అందించే పెద్ద కెపాసిటర్ హీట్‌సింక్‌ను ఆనుకుని ఉంది. దాని తల కొద్దిగా ఉబ్బింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఆవిరైపోతుంది. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసిన కెపాసిటర్, 85 దగ్గర 8000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు. హీట్‌సింక్ పక్క నుంచి నాలుగు వేళ్ళ దూరం జరపడం ఆయుష్షును ఏళ్ళలో మారుస్తుంది. అదే ధరకు కొంచెం అటూ ఇటూగా 105 డిగ్రీల రకం దొరుకుతుంటే 85 డిగ్రీల రకం ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు.

జీఎస్‌ఎం (టూజీ) మాడ్యూలుకు ఈ కెపాసిటరే ప్రాణం. ప్రసారం చేసేటప్పుడు అది ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అర మిల్లీసెకనుకు కాస్త ఎక్కువసేపు, 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ గుక్కను కెపాసిటరే అందించాలి. ఎండిపోయిన కెపాసిటర్ అందించలేదు, వోల్టేజీ పడిపోతుంది, మాడ్యూలు రీసెట్ అవుతుంది.

ఇనుప పెట్టె లోపలే యాంటెన్నా పెట్టారు పాతదానిలో. టవరుకు వినపడకపోతే మాడ్యూలు గొంతు పెంచుతుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో 2 వాట్ల దాకా. గొంతు పెంచితే వేడీ పెరుగుతుంది. యాంటెన్నాను తీగతో గొడుగు రేకు పైకి తీసుకెళ్ళాను. సిగ్నల్ గీతలు పెరిగాయి, మాడ్యూలు గొంతు తగ్గింది. వేడి సంగతి చూసేవాళ్ళు యాంటెన్నా జోలికి పోరు, యాంటెన్నా చూసేవాళ్ళు వేడి జోలికి పోరు.

అమరిక తిరగేశాను: బోర్డు కిందికి, కాంటాక్టర్ పైకి. తీగలు కింది నుంచి వస్తాయి కాబట్టి ఊరి ఎలక్ట్రీషియన్ మొహం చిట్లించారు. తీగ ఒక మూర అదనంగా పట్టింది.

మే రెండో వారం: ఓవర్‌లోడ్ రిలే

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించిన భాగం ఇదే, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకపోయినా.

ఓవర్‌లోడ్ రిలేలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే పట్టీ వేడెక్కి వంగి మోటారును ఆపుతుంది. పట్టీకి తెలిసింది వేడి ఒక్కటే, అది మోటారు కరెంటుదా పెట్టె గాలిదా అని అడగదు. మంచి రిలేల్లో చుట్టూ ఉన్న గాలి వేడికి సర్దుబాటు చేసే ఇంకో పట్టీ ఉంటుంది, అదీ ఒక హద్దు వరకే. 68 డిగ్రీల పెట్టెలో ఏ తప్పూ లేని మోటారును కూడా రిలే ఆపేస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? ఎన్ని ఆంపియర్లకు ఆపాలో చెప్పే డయలు పెంచుతారు. చిన్నాన్న పెట్టెలో 5 హెచ్‌పీ మోటారుకు డయలు 14 మీద ఉంది. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూస్తే మోటారు లాగుతున్నది 9 ఆంపియర్ల లోపే.

అంటే రిలే ఉండీ లేనట్టే. ఒక ఫేజు పోయినా, పంపు ఇసుకకు పట్టేసినా అది కదలదు. మోటారు చుట్ట కాలిపోతుంది. వందల అడుగుల లోతు నుంచి పైపులు లాగాలి, రీవైండింగ్ చేయించాలి, మళ్ళీ దించాలి, ఆ లోపు తోట ఎండుతుంది. పెట్టె వేడికి అసలు మూల్యం బోర్డు ధర కాదు, ఇది. చిన్నాన్నకు డ్రిప్పు లైను చూపించి చెప్పాను: చివరి చెట్టుకు నీరు రాలేదని మోటారు దగ్గర ఒత్తిడి పెంచుతామా, మధ్యలో మూసుకుపోయిన చోటు వెతుకుతామా? డయలు తిప్పడం ఒత్తిడి పెంచడం లాంటిది. వెంటనే ఒప్పుకున్నారు.

లోపల 50 దరిదాపుకు వచ్చాక డయలును మోటారు పేరుపలక మీది కరెంటుకు దించాను. మోటారు మధ్యాహ్నాలు ఆగకుండా నడిచింది.

కాంటాక్టర్ కాళ్ళ మీద కాగితపు టేపు వేసి చూస్తే రెండు 58, మూడోది 90. ఆ కాలికి అల్యూమినియం తీగను నేరుగా స్క్రూ కింద నొక్కారు. అల్యూమినియం మెత్తన, ఒత్తిడికి మెల్లగా జారిపోతుంది, గాలి తగిలితే దాని మీద కరెంటు పోనివ్వని పొర కడుతుంది. ఆ అతుకులో 20 మిల్లీ ఓములు ఉన్నా 9 ఆంపియర్లకు 1.6 వాట్లు, అదీ బియ్యపు గింజంత చోట. తీగ చివరకు లగ్గు (లోహపు తొడుగు) వేసి బిగించాక మూడూ సమానమయ్యాయి. వేసవికి ముందొకసారి స్క్రూలు బిగించమని తలుపు లోపల పెయింటుతో రాసిపెట్టాను.

మే చివర

బయట నీడలో 42 ఉన్న రోజున లోపల బోర్డు పక్కన 48, పైన కాంటాక్టర్ దగ్గర 51. పెట్టె పగలంతా పలికింది. చిన్నాన్న మధ్యాహ్నం మూడింటికి అనంతపురం మార్కెట్ నుంచి ఫోను చేసి మోటారు ఆపి, మళ్ళీ వేసి చూసుకున్నారట. అవసరం ఉండి కాదు.

వానలు పడితే ఇంకో తంటా ఉంది. పగలు కాగిన పెట్టె వానకు ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని తేమగాలిని లోపలికి పీలుస్తుంది, లోపల నీటి చుక్కలు కడతాయి. అడుగున సన్నని జల్లెడ అతికించిన ఒక చిన్న కారే రంధ్రం వేశాను. బోర్డుకు వార్నిష్ పూత వేయాలి, కనెక్టర్లకు తగలకుండా. పక్క తోట ఆయన తన పెట్టెకు కూడా చేయమన్నారు. ఆయనది పెట్టె తూర్పు ముఖం, వేపచెట్టు కింద. అక్కడ ఎండ వాట్లు ఎన్నో ముందు కొలవాలి. గొడుగు రేకు అక్కర్లేకపోవచ్చు. సెన్సర్లు సోమవారం అక్కడికి మారుస్తున్నాను.